గోరు గుచ్చిన కాయ

బంగారు కొడవలి తొడిమకు ఆనింది. ఇంకొక్క లాగు లాగితే లతాదుర్గం రాకుమారి ఇందువల్లి ప్రాణం పోతుంది. ఆ సంగతి తెలిసి ఆపాలనుకుంటున్న మనిషి ఆ తోటలో ఒకడే ఉన్నాడు. అతను తలమీద సున్నం బొట్లు పెట్టిన కుండ బోర్లించుకుని, చొక్కా నిండా గడ్డి కుక్కుకుని, రెండు చేతులూ బార్లా చాపి దిష్టిబొమ్మలా నిలబడి ఉన్నాడు. కుండమీద ఒక కాకి కూడా కూర్చుని ఉంది.

అతని పేరు రేచన. వృత్తి తోటల్లో దొంగతనం. లతాదుర్గంలో నగలు దొంగిలించేవాళ్ళను చెరసాలలో వేస్తారు గానీ కాయలు దొంగిలించేవాళ్ళను కొయ్యకు గుచ్చి కొరత వేస్తారు. అంత గౌరవం ఉన్న వృత్తి కాబట్టే దాన్ని ఎంచుకున్నానని అతను చెప్పుకునేవాడు.

కుండకు పొడిచిన రెండు కన్నాల్లోంచి అతనికి తోటంతా కనిపిస్తోంది. పగడాల స్తంభాలు, వాటి మీద వెండి తీగల పందిళ్ళు, పందిళ్ళ నుంచి ఏనుగు తొండాల్లా దిగిన పొట్లకాయలు. ఊళ్ళో జనం పొట్లకాయ వంకర పోకుండా కొసకు రాయి కడతారు. ఇది రాజుగారి తోట గనక పచ్చలు కట్టారు. పొట్లకాయకు ఆ తేడా తెలిసినట్టు లేదు. రాయి కడితే ఎంత సాగుతుందో పచ్చ కడితేనూ అంతే సాగింది.

ఆ వైభవమంతటి మధ్యా, చలువరాతి అరుగు మీద పట్టు పరుపు వేసుకుని, ఆ కాయ పడుకుని ఉంది.

గున్న ఏనుగు తలకాయంత కాయ. గుమ్మడికి ఉన్నట్టు గాడులు, పుచ్చకాయకు ఉన్నట్టు చారలు, బూడిద గుమ్మడికి ఉన్నట్టు పైన బూడిద. అలాంటి కాయను ఎవరూ ఎన్నడూ చూడలేదు. కొత్తకాయల పండుగకు ముందురోజు రాకుమారి మాయమైంది. తెల్లవారేసరికి తోటలో ఈ తీగ, దాని మొదలుకు రాకుమారి కాలి అందె, చుట్టూ కాపలాగా కొన్ని దిష్టిబొమ్మలూ కనబడ్డాయి. ఆకాశంలోంచి మాంత్రికుడు గుగ్గిలభైరవుడి గొంతు వినిపించింది. మీ రాకుమారి ఈ తీగకు కాస్తుంది, వేళకు కోస్తే మనిషి, ముందు కోస్తే గుజ్జు, ఆలస్యం చేస్తే గింజలు అని చెప్పి, అలవాటు ప్రకారం వికటాట్టహాసం చేసి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి లతాదుర్గం పండితులంతా ఒకటే చర్చ. ఇది కాయా, పండా? కాయైతే లేతగా కోయాలి. పండైతే ముదరనివ్వాలి. ఆ దేశంలో ప్రతి ఇంటికీ ఒక పందిరి, ప్రతి పందిరికీ ఒక సిద్ధాంతం. చివరికి రాజుగారు విరూపసేన మహారాజు కన్నీళ్ళు తుడుచుకుని, నా బిడ్డ లేతది, లేతగానే కోయండి అన్నారు. అంత హృదయవిదారకమైన వాదానికి ఎదురు చెప్పడం మర్యాద కాదని పండితులంతా ఒప్పుకున్నారు.

అయినా వెంటనే కోయడానికి వీల్లేకపోయింది. లతాదుర్గంలో మునక్కాయ తెంపాలన్నా ముహూర్తం కావాలి. ఆస్థాన జ్యోతిష్కుడు త్రికాలభట్టు తిథులూ నక్షత్రాలూ కలిపి చూసి ఇవాళ ఉదయం ముహూర్తం పెట్టాడు.

రేచన మాత్రం పోయిన అమావాస్యకు గుగ్గిలభైరవుడి గుహలో ఉన్నాడు. మాంత్రికుడి పెరటి దానిమ్మలు ఎలా ఉంటాయో చూద్దామని వెళ్ళి, అటక మీద ఇరుక్కుపోయాడు. అప్పుడు గొంగడి ముసుగు వేసుకున్న ఒక మనిషి వచ్చాడు. నోరు మెదపకుండా తల మాత్రం ఊపుతూ కూర్చున్నాడు. మాంత్రికుడి మాటలు అటక మీదికి స్పష్టంగా వినిపించాయి. పచ్చిగా ఉండగానే కోయించు, మిగతా పని అదే చూసుకుంటుంది, నీ మీద అనుమానం రాకుండా కోటలో ఏడుస్తూ ఉండు అని.

ఆ చివరి ముక్క వల్ల రేచనకు ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు కోటలో ఏడవనివాడు లేడు. రాజుగారు ఏడుస్తున్నారని మంత్రులు, మంత్రులు ఏడుస్తున్నారని వంటవాళ్ళు, అందరూ ఏడుస్తున్నారని ద్వారపాలకులు ఏడుస్తున్నారు. అందరికన్నా బాగా ఏడుస్తున్నది రాజుగారే. దుఃఖంలో గోడకేసి గుద్దుకోవడం వల్ల కుడి బొటనవేలు చితికిందని దానికి తెల్ల పట్టుగుడ్డ కట్టుకుని, ఆ గుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంటున్నారు.

కన్నాల్లోంచి రేచన కాయ వైపు మరోసారి చూశాడు. తొడిమ పక్కనున్న నులితీగ ఇంకా పచ్చగా, గుండ్రంగా మెలి తిరిగి ఉంది. పరుపుకు ఆనిన వైపు పాలలా తెల్లగా ఉంది. ఒక్క చీమ లేదు. పచ్చి. పచ్చికి పచ్చి. కోస్తే గుజ్జు.

కొడవలి అంచు తొడిమ మీద గీరుకుంది. తెల్లటి పాలచుక్క ఒకటి చిమ్మి త్రికాలభట్టు చూపుడువేలి మీద పడింది.

రేచనకు ఒక సీతాఫలం గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఇదే తోటలో సీతాఫలం చెట్టెక్కి ఇందువల్లికి దొరికిపోయాడు. ఆమె భటుల్ని పిలవలేదు. అతని చేతిలో కాయ చూసి, దొంగతనం సరే, కళ్ళు విప్పని సీతాఫలం కోశావు చూడూ, దానికి మాత్రం శిక్ష తప్పదంది. ఆ పచ్చికాయ అంతా తన ఎదుట తినిపించి వదిలేసింది. కొరత తప్పింది గానీ వారం పాటు నాలుక పనిచేయలేదు. ఆ రోజునుంచి రేచన పచ్చికాయ ముట్టుకోలేదు. అతనికి తెలిసిన మర్యాదస్తురాలు ఆమె ఒక్కతే. ఆమె ఇప్పుడు పట్టు పరుపు మీద పచ్చిగా పడుకుని ఉంది.

"ఆపండి" అంది దిష్టిబొమ్మ.

కొడవలి ఆగింది. త్రికాలభట్టు సాష్టాంగపడ్డాడు. మూడు కాలాలూ తెలిసిన ఆయనకు ఈ క్షణం సంగతి మాత్రం ముందుగా తెలిసినట్టు లేదు. తోటతల్లి పలికిందని ఆయన వణుకుతూ అరిచాడు. అది విని అంతఃపురం వాళ్ళు లెంపలు వేసుకున్నారు. దేవతను చేస్తామంటే కాదనేంత అహంకారం రేచనకు లేదు. గొంతు సన్నగా చేసి, బిడ్డ ఇంకా పండలేదు నాయనా, కొడవలి దించమని సెలవిచ్చాడు.

రాజుగారు కళ్ళు తుడుచుకోవడం ఆపి, దేవత మాట శిరోధార్యమే గాని ముహూర్తం దాటిపోతోందని, ముందు కోసి ఆ తర్వాత దేవతకు పూజ చేయిద్దామని అన్నారు. అదే సమయానికి కాకి వంగి కుండ కన్నంలోంచి ఒక గడ్డిపోచ లాగింది. ఆ పోచ రేచన ముక్కులో ఉంది.

దేవత తుమ్మింది. కుండ జారి కింద పడి పగిలింది.

"ఒరే, నువ్వు సీతాఫలాల దొంగవు కదూ" అన్నాడు సేనాపతి వజ్రముష్టి.

వజ్రముష్టి ఏనుగంత మనిషి, ఏనుగంత మంచివాడు, ఆలోచన కూడా ఏనుగు నడకే. పరుగు మాత్రం గుర్రంది. రెండు అంగల్లో మీదికి వచ్చాడు. రేచన గడ్డి రాల్చుకుంటూ పొట్లపందిరి కింద దూరి, పచ్చల మధ్యలోంచి పాకి, పందిరి మీదికి ఎగబాకాడు. వెండి తీగలు అతన్ని మోసేందుకు చేసినవి కావు. పందిరి విరిగింది. పొట్లకాయలతో సహా వచ్చి నలుగురు భటుల మీద పడ్డాడు. పైకి లేచేసరికి వెనక అరుగు, అరుగు మీద కాయ, ఎదుట వజ్రముష్టి.

"వాణ్ణి పట్టుకోండిరా" అంటూ వజ్రముష్టి కోపంలో ఒళ్ళు మరిచి చూపుడువేలు చాపాడు.

లతాదుర్గంలో ఉగ్గుపాలతో నేర్పే పాఠం ఒకటుంది. పిందెకేసి వేలు చూపిస్తే అది కుళ్ళిపోతుంది. అందుకే ఆ దేశంలో ఎవరూ తోటలో వేలు చాపరు, మడిచిన వేలి కణుపుతో చూపిస్తారు. ఆ నమ్మకం సంగతి గుగ్గిలభైరవుడికీ తెలుసు. పొద్దుటినుంచి ఆ దిష్టిబొమ్మల పక్కనే నిలబడ్డ రేచనకు ఇంకో సంగతి కూడా తెలుసు. కోట నిద్ర లేవకముందే పూలు తెచ్చిన పరదేశి ఒకడు తెలియక కాయకేసి వేలు చాపితే, పక్క బొమ్మ కదిలి వాణ్ణి ఎత్తి కోట కందకంలో విసిరింది.

రేచన గబుక్కున కూర్చున్నాడు. వజ్రముష్టి వేలు తిన్నగా కాయ మీద నిలిచింది.

దిష్టిబొమ్మలు కర్రలు ఊడబెరుక్కుని నడిచాయి. సున్నం కళ్ళు ఎర్రబడ్డాయి. కత్తితో నరికితే గడ్డి రాలింది, రాలిన గడ్డి మళ్ళీ ఎగిరి బొమ్మకు అతుక్కుంది. ఒక బొమ్మ ఇద్దరు భటుల్ని రెండు చంకల్లో ఇరికించుకుని అరటి గెలల్లా ఊపింది. ఇంకొకటి మంత్రిగారిని కొలనులో ముంచి తీస్తూ ముంచుతూ బట్టలు ఉతికింది. వజ్రముష్టిని రెండు బొమ్మలు కాళ్ళూ చేతులూ పట్టి గాలిలోకి ఎగరేశాయి. పైకి వెళ్ళినప్పుడల్లా ఆయన వేలు అలాగే చాచి ఉంది.

వేలు మడవమని రేచన గొంతు చించుకున్నాడు. సేనాపతికి చేయి బిగుసుకుపోయింది. చివరికి త్రికాలభట్టు, కింద పడుకున్నవాడు పడుకున్నట్టే పాకి వచ్చి, సేనాపతి కిందికి వచ్చిన తరుణంలో ఎగిరి ఆ వేలిని కొరికాడు. శాస్త్రంలో లేని పనే అయినా వేలు ముడుచుకుంది. బొమ్మలు ఎక్కడివక్కడ నేలలో దిగబడి బొమ్మలైపోయాయి.

అంతా సద్దుమణిగాక చూసుకుంటే ముహూర్తం దాటిపోయింది. మళ్ళీ ముహూర్తం సూర్యాస్తమయానికే ఉందని త్రికాలభట్టు లెక్క తేల్చాడు. అప్పటిదాకా కోస్తే పాపం. రాజుగారు ఆ పాపం తాను భరిస్తానన్నారు. పాపం ఎవరు భరించినా కాయ ముహూర్తం లేకుండా కోసే ఆచారం లేదని జ్యోతిష్కుడు భీష్మించాడు. జీవితంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే, అదీ తెలియక చేశాడు. రాజుగారు విసురుగా లోపలికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఏడవడం మరిచిపోయారు.

రేచనను అరుగు పక్క పగడపు స్తంభానికి కట్టేసి, వజ్రముష్టే స్వయంగా కాపలా కూర్చున్నాడు. సూర్యాస్తమయానికి కాయ కోశాక దొంగను కొరత వేయాలని ఆజ్ఞ. కొరికిన వేలు నోట్లో పెట్టుకుని సేనాపతి చాలాసేపు ఏదో ఆలోచించాడు.

"ఒరే దొంగా, నిజం చెప్పు. అది పచ్చిదని నీకెట్టా తెలిసింది?"

"మీ ఇంట్లో పందిరుందా సేనాపతిగారూ?"

"ఎందుకు లేదూ. బీరపాదు. ఎప్పుడు కోసినా పీచే. మా ఆవిడ కూర వండి నా మొహాన కొడుతుంది."

"ఇంకాస్త పెరగనీ, ఇంకాస్త పెరగనీ అని ఆగుతారు కదూ?"

"మరి పెద్దకాయైతే ఇంటిల్లిపాదికీ వస్తుంది కదరా."

"అదే మీ జబ్బు. బీర, బెండ, సొర ఇవన్నీ చిన్నప్పుడే మంచివి. బెండకాయ కొస తుంచితే టక్కున విరగాలి. వంకాయ నిగనిగలాడుతుండగానే కోసెయ్యాలి, మెరుపు పోయిందంటే లోపల గింజలే. కానీ కొన్నుంటాయి చూశారూ, కూరకు కాకుండా తమకోసం తాము కాసేవి. పుచ్చ, కర్బూజ, సీతాఫలం. వాటి దగ్గర మన ఆకలి కాదు చెల్లేది. దాని వేళ అది చెప్పాలి, మనం వినాలి."

"ఎట్టా చెప్తుందిరా?"

తొడిమ పక్కనున్న నులితీగ చూడమన్నాడు రేచన. అది ఎండిందంటే కాయకు ఇంక తల్లి పాలు అక్కర్లేదన్నమాట. నేలకు ఆనిన వైపు తెలుపు పోయి పసుపు తిరగాలి. వేలితో కొడితే బొంగురుగా మోగాలి. చివరికి తొడిమ చుట్టూ ఉంగరంలా సన్నటి చీలిక వస్తుంది. ఇవన్నీ తెలియని మూర్ఖుడికి కూడా చీమలూ ఉడతలూ వచ్చి చెప్తాయి.

వజ్రముష్టి అరుగెక్కి, కణుపుతో కాయను తట్టి, చెవి ఆనించి వింటూ హఠాత్తుగా ఆగిపోయాడు. తొడిమకు జానెడు కిందుగా, బూడిద చెరిగిన చోట, చిన్న చిన్న నెలవంకల వరుస ఉంది. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. పచ్చివాటి చుట్టూ కారిన పాలు ఎండి నీలంగా గడ్డకట్టాయి.

"గోరు" అన్నాడు సేనాపతి. "ఎవడో గోరు గుచ్చాడు."

అందులో వింతేమీ లేదు. సొరకాయ కనబడితే గోరు గుచ్చకుండా వెళ్ళినవాడు లతాదుర్గంలో పుట్టలేదు. లేతదా ముదిరిందా అని అమ్మేవాళ్ళు తిడుతున్నా గుచ్చి చూస్తారు. సంతలో అక్కడి జనం గోళ్ళు పడని కాయంటూ ఉండదు. కానీ ఈ కాయ దగ్గరికి రావడానికి అందరికీ వీల్లేదు. పైగా ఇది ఒకసారి అలవాటు కొద్దీ గుచ్చింది కాదు. ఎవరో రోజూ వచ్చి, ముదిరిపోతోందేమోనని రోజూ గుచ్చి చూసుకున్నారు. రాకుమారి పండుతుందేమోనని ఇంత బెంగపడ్డ మనిషి ఎవరు?

అప్పుడే కొలను గట్టున త్రికాలభట్టు ఏడుపు వినిపించింది. ఆయన వేలి మీద పడిన పాలచుక్క నీలంగా మారిపోయింది. చింతపండుతో తోమాడు, కుంకుళ్ళతో తోమాడు, ఇసుకతో తోమాడు. చర్మం పోయింది గాని నీలం పోలేదు.

రేచనా వజ్రముష్టీ మొహమొహాలు చూసుకున్నారు. ఆ పాలు అంటితే పోవన్నమాట. గోరు గుచ్చినవాడి బొటనవేలు నీలంగా ఉండి తీరాలి.

సేనాపతి ఊపుమీద లేచి వెళ్ళాడు. ఎండ పందిళ్ళు దాటి కొలను మీదికి వాలేదాకా కోటంతా తిరిగి మంత్రుల నుంచి వంటవాళ్ళ దాకా అందరి బొటనవేళ్ళూ చూశాడు. పసుపు వేళ్ళున్నాయి, పొగచూరిన వేళ్ళున్నాయి, తాంబూలం వేళ్ళున్నాయి. నీలం వేలు లేదు. దిగాలుగా తిరిగొచ్చి కూర్చున్నాడు.

"అందరివీ చూశారా?" అన్నాడు రేచన.

"అందరివీ చూశాను."

"రాజుగారిది?"

"ఆయనది ఎట్టా చూస్తాం? పైగా కట్టు కట్టి ఉంది పాపం, దెబ్బ తగిలి."

రేచన సేనాపతి మొహంలోకి చూశాడు. ఏనుగు ఇంకా నడుస్తూనే ఉంది, చేరుకోవడానికి సమయం పడుతుంది. రేచనకు మాత్రం ఆ దేశపు పాత ఆచారం ఒకటి గుర్తొచ్చింది. వారసురాలికి ఈడు వచ్చిన ఏడాది కొత్తకాయల పండుగనాడు రాజు కిరీటం దించి ఆమె తలమీద పెట్టాలి, తాను పందిరి కింద పీట వేసుకుని మిగతా రోజులు గడపాలి. మొన్నటి పండుగకు ఇందువల్లి తలమీదికి రావాల్సిన కిరీటాన్ని రాజుగారు, ఎంత బరువమ్మా ఇది అని ఏడుస్తూ, మళ్ళీ తన తలమీదే పెట్టుకున్నారు.

ఈ సంగతి సేనాపతికి చెబుదామని నోరు తెరిచేలోగా, చెవి పక్కన ఏదో కిచకిచమంది.

ఉడత.

స్తంభం మీదినుంచి జారి అరుగెక్కి, కాయ చుట్టూ ప్రదక్షిణ చేసి, తొడిమ దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది. దాని వెనక చీమల బారు. రేచన మెడ తిప్పి చూశాడు. పొద్దున పచ్చగా ఉన్న నులితీగ ఎండి దారంలా వేలాడుతోంది. పరుపు మీద కాయ పసుపు తిరిగింది. మంత్రపు కాయ గనక ఊరికే పండలేదు, పరుగెత్తి పండింది. తోటంతా ఒక్కసారి వాసన కమ్మేసింది. పనస కాదు, మామిడి కాదు, చిన్నప్పుడు తినాలనుకుని తినకుండా పోయిన పళ్ళన్నిటి వాసన.

కోట మొత్తం తోటలోకి పరిగెత్తుకొచ్చింది. తాను ముందే చెప్పానని త్రికాలభట్టు అందరికీ చెప్పుకున్నాడు. ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. అందరికన్నా చివర రాజుగారు వచ్చారు. వచ్చి, సూర్యుడింకా అస్తమించలేదు గనక ఎవరూ ముట్టుకోవద్దన్నారు. పొద్దున పాపమైనా సరే కోసెయ్యమన్న మనిషికి సాయంత్రానికి శాస్త్రం మీద ఇంత భక్తి ఎలా పుట్టుకొచ్చిందో ఎవరికీ తోచలేదు. ముందు కోస్తే గుజ్జు, ఆలస్యమైతే గింజలు. రాజుగారికి రెండూ సమ్మతమే. సరిపడనిది ఆ మధ్యలోదొక్కటే.

కాయ చిటపటమంది. ఒక గాడి వెంట వెంట్రుకంత బీట వచ్చింది. లోపలి నుంచి బంగారు రసం ఒక్క బొట్టు జారింది.

"సేనాపతిగారూ, పండింది" అన్నాడు రేచన. "పగిలిపోతుంది. ఇప్పుడు కోయాలి."

వజ్రముష్టి కొడవలి తెమ్మన్నాడు. కొడవలి పళ్ళెంలో లేదు. పూజగదిలో లేదు. రాజుగారి దుఃఖమందిరంలోకి ఎవరో తీసుకెళ్ళారట, అక్కడినుంచి కనబడకుండా పోయిందట. వంశాచారం ప్రకారం బంగారు కొడవలితో తప్ప కోయకూడదని, దొరికేదాకా ఆగుదామని రాజుగారు గద్గద స్వరంతో సెలవిచ్చారు.

రేచనకు నవ్వొచ్చింది.

"పండినదానికి కొడవలెందుకు సామీ? తొడిమ పట్టుకు వేలాడేది పండనిదే. నా కట్లు విప్పించండి, చెయ్యి ఆనిస్తే చాలు."

రాజుగారు దొంగను కొరతకు పంపమన్నారు. సేనాపతి రాజుగారి వైపు చూశాడు, కాయ వైపు చూశాడు, ఆ తర్వాత రాజుగారి బొటనవేలి కట్టు వైపు చూశాడు. ఏనుగు చేరుకుంది. వజ్రముష్టి కత్తి దూసి ఒక్క వేటుతో స్తంభం మీది తాళ్ళు తెంపాడు.

"దాన్ని ముట్టుకోవద్దు" అని రాజుగారు కేక పెట్టారు. ఆ కంగారులో చిన్నప్పటి పాఠం మరిచారు. చూపుడువేలు తిన్నగా కాయ మీదికి చాపారు.

దిష్టిబొమ్మలు మళ్ళీ కర్రలు పెరుక్కున్నాయి. వాటికి రాజూ బంటూ తేడా లేదు. మొదటిది కిరీటం ఎగరగొట్టింది, రెండోది ఆయన్ని దుప్పటి మడిచినట్టు మడిచింది. అడ్డం వెళ్ళిన భటుల్ని మూడోది విసిరేసింది. ఆ గందరగోళంలో రేచన అరుగు మీదికి ఎగిరాడు. రెండో బీట వచ్చింది. మూడోది తొడిమ వైపు పాకుతోంది. అతను రెండు చేతులూ కాయ కింద పెట్టాడు, బరువు అరచేతుల్లోకి తీసుకున్నాడు. లాగలేదు. నిద్రపోయే పసిపిల్ల తల తిప్పినట్టు కొద్దిగా ఒక పక్కకు తిప్పాడు.

తొడిమ చప్పుడు లేకుండా వదిలేసింది.

పండు అతని చేతుల్లో రెండుగా విచ్చుకుంది. నారింజ గుజ్జులోంచి, జుట్టు నిండా గింజలతో, రాకుమారి ఇందువల్లి లేచి కూర్చుంది. దగ్గింది. కళ్ళమీది పీచు తీసుకుని ఎదుట ఉన్న మొహం గుర్తుపట్టింది.

"ఈసారి వేళకు కోశావు, దొంగా."

రేచన జవాబు చెప్పేలోగా గాలి మారింది. కోటగోడ అవతలినుంచి నల్లటి పొగ లేచింది. గుగ్గిలం వాసన. సేనాపతి చప్పున తిరిగి చూశాడు. బొమ్మల కింద నలిగిన రాజుగారు ఎలాగో వేలు మడిచి విడిపించుకుని, మొలలోంచి తీసిన చిన్న తిత్తిని పక్కనున్న ధూపపాత్రలో అప్పటికే వేసేశారు. మాంత్రికుడు ఎక్కడున్నా ఆ ధూపం పిలుపై చేరుతుంది, గోడ అవతలి పొగ అతని జవాబు. దూరాన గోడ మీద ఒక జటాజూటం నీడ అప్పుడే కదిలింది.

రాజుగారికి ఏడుపు మళ్ళీ పుంజుకుంది. చేతులు చాపి, తల్లీ బంగారూ అంటూ కూతురి వైపు పరిగెత్తారు. ఆయన కౌగిలి చేరేలోగా కొడవలి బయటపడింది. పట్టు ఉత్తరీయం మడతలోంచి జారి చలువరాతి మీద ఖణేల్మంది.

వజ్రముష్టి అడ్డం నిలబడి, అమ్మా, ఆ పొగ వచ్చేలోగా చెప్పు, నిన్ను ఈ తీగకు విత్తించినదెవరు అని అడిగాడు.

ఇందువల్లి భుజం మీది గుజ్జు తుడుచుకుంది. అక్కడ చిన్న చిన్న నెలవంకల మచ్చలు వరుసగా ఉన్నాయి. ఆమె సేనాపతిని పక్కకు జరిపి, చాచిన ఆ కుడిచేతిని పట్టుకుని, బొటనవేలి పట్టుకట్టు ఒక్కో చుట్టూ విప్పింది. కట్టు కింద దెబ్బ లేదు. గోరు మొత్తం నీలంగా ఉంది.

"గుగ్గిలభైరవుడు కూలివాడు" అంది. "రోజూ పొద్దున్నే వచ్చి, తల్లీ తల్లీ అని ఏడుస్తూ, నేను పండుతున్నానేమోనని ఈ గోరు గుచ్చి చూసుకున్నది వేరే మనిషి. అది ఎవరో లోపల ఉన్న నాకు రోజూ వినబడుతూనే ఉంది."

పొగ పందిళ్ళను మింగుతూ వస్తోంది. కూతురి పిడికిట్లోంచి చేయి లాక్కోవాలని చూసి, చేతకాక ఆయన మొదటిసారి నిజంగా ఏడ్చారు.

ఇందువల్లి కోటంతటికీ వినబడేలా చెప్పింది.

"మా నాన్న. విరూపసేన మహారాజు."